ప్రోటాన్ లెక్క ఎందుకు తేలదు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు పైకి వేర్వేరుగా ఉన్నా, అడుగున ఉన్న సందేహం ఒక్కటే. ప్రోటాన్ లోపలి నియమాలు యాభై ఏళ్ల కిందటే తెలిసిపోయాయంటారు. మరి ఆ నియమాలతో ఒక్క ప్రోటాన్‌ను లెక్కగట్టడానికి సూపర్ కంప్యూటర్లు ఎందుకు, అవీ ఎందుకు చాలడం లేదు? భౌతిక శాస్త్రమూ, ఏ లెక్కకు ఎంత శ్రమ తప్పదో తేల్చే గణన సంక్లిష్టత సిద్ధాంతమూ కలిసే చోటు ఇది. అందుకే ఈసారి కణ భౌతికం వాళ్లూ కంప్యూటర్ సైన్సు వాళ్లూ కూర్చుని జవాబులు రాశారు.

ప్రశ్న: ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు అని పాఠం చెబుతాం. వాటి ద్రవ్యరాశులు కూడితే ప్రోటాన్‌లో నూరో వంతు కూడా రావడం లేదు. పిల్లలు నిలదీస్తే ఏం చెప్పాలి?
– జూనియర్ కళాశాల అధ్యాపకుడు, పలమనేరు

జవాబు: మీ కూడికలో తప్పు లేదు. అప్ క్వార్కు సుమారు 2.2, డౌన్ క్వార్కు 4.7 ఎంఈవీ, అంటే మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. రెండు అప్‌లూ ఒక డౌనూ కలిస్తే 9.1. ప్రోటాన్ మాత్రం 938.3. భాగాలను విడివిడిగా తూచి కలిపితే మొత్తం వస్తుందన్న అలవాటు హైడ్రోజన్ పరమాణువు దాకా పనిచేస్తుంది. అక్కడ బంధన శక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులే, 93 కోట్ల ముందు అది లెక్కలోకే రాదు. ప్రోటాన్‌లో వ్యవహారం తలకిందులు. దాని ద్రవ్యరాశిలో ఎక్కువ భాగం లోపల క్వార్కులు పరుగులు పెట్టే శక్తి, క్వార్కులను అతికించి పట్టే గ్లూవాన్ క్షేత్రంలో నిలవున్న శక్తి.

బోర్డు మీద రెండు నిమిషాల్లో చేసి చూపగల అంచనా ఒకటుంది. ప్రోటాన్ వ్యాసార్ధం 0.84 ఫెర్మీ. ఫెర్మీ అంటే మీటరులో 10⁻¹⁵ వంతు. అంత ఇరుకులో మూసిపెట్టిన కణానికి అనిశ్చితత్వ నియమం ప్రకారం కొంత ద్రవ్యవేగం తప్పదు. ప్లాంక్ స్థిరాంకాన్ని 2πతో భాగించి కాంతి వేగంతో గుణిస్తే 197 ఎంఈవీ-ఫెర్మీలు వస్తుంది. దాన్ని 0.84తో భాగించండి. ఒక్కో క్వార్కుకు 235 ఎంఈవీ, మూడింటికి దాదాపు 700. ఇది ముతక అంచనాయే, కానీ 9 దగ్గర ఇరుక్కున్న పిల్లవాడు వందల్లోకి వస్తాడు. 'బంధన శక్తి వల్ల బరువు పెరిగింది' అని మాత్రం చెప్పకండి. కేంద్రకంలో బంధన శక్తి ద్రవ్యరాశిని తగ్గిస్తుందని ముందు పాఠంలో మీరే చెప్పి ఉంటారు, రెండూ ఢీకొంటాయి. క్వార్కును బయటికి లాగి విడిగా తూచే వీలే లేదు కాబట్టి, 'విడిగా ఉన్నప్పటి బరువు' అన్న మాటకే ఇక్కడ అర్థం లేదు.

ఇక అసలు కష్టం. ఎలక్ట్రాన్, కాంతుల మధ్య బలాన్ని కొలిచే సంఖ్య 1/137. అందుకే శ్రేణి రాసుకుంటూ పోతే ప్రతి తర్వాతి పదం ముందుదానికన్నా బాగా చిన్నదవుతుంది. నాలుగు పదాలు వేసి ఆపేసినా జవాబు చక్కగా వస్తుంది. క్వార్కుల మధ్య బలం అలా కాదు. ఎక్కువ శక్తుల దగ్గర అది తగ్గుతుందని 1973లో గ్రాస్, విల్‌చెక్, పొలిట్జర్ చూపించారు, దానికే 2004 నోబెల్. అయితే ప్రోటాన్ పరిమాణంలో ఆ సంఖ్య దాదాపు 1. ప్రతి పదమూ ముందుదానంతే ఉంటే శ్రేణిని ఎక్కడ ఆపుతారు? కాగితం, కలం పని అక్కడితో అయిపోయింది. 1974లో కెన్నెత్ విల్సన్ స్థలాన్నీ కాలాన్నీ చుక్కల జాలకంగా మార్చి, కంప్యూటర్ చేయగల రూపంలో ఆ లెక్కను పెట్టాడు. 2008లో ఒక ఐరోపా బృందం మూడు కణాల ద్రవ్యరాశులను మాత్రమే కొలతలుగా తీసుకుని, ప్రోటాన్‌తో సహా మిగతా తేలిక హాడ్రాన్ల (క్వార్కులతో ఏర్పడిన కణాల) ద్రవ్యరాశులను కొద్ది శాతం తేడాలో రాబట్టింది. నియమం రాసినప్పటి నుంచి లెక్క తేలేదాకా ముప్పై అయిదేళ్లు పట్టిందన్నమాట. పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ప్రశ్న: జాలకం మీద లెక్క అంటారు గానీ ఎంత మెమరీ, ఎన్ని గుణకారాలు అనేది ఎవరూ చెప్పరు. అంకెల్లో వివరించగలరా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: తప్పకుండా. చుక్కకూ చుక్కకూ మధ్య 0.09 ఫెర్మీ ఉన్న జాలకం తీసుకుందాం. పెట్టె చిన్నదైతే ప్రోటాన్ చుట్టూ ఉండే పయాన్ల (అతి తేలికైన హాడ్రాన్ల) మేఘం గోడలకు తగిలి జవాబు చెడుతుంది. పయాన్ తరంగ పరిమాణం 1.46 ఫెర్మీలు, పెట్టె దానికి నాలుగు రెట్లైనా ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. అంటే దాదాపు 5.8 ఫెర్మీలు, ఒక్కో వైపు 64 చుక్కలు. కాలం వైపు 128. మొత్తం 3,35,54,432 చుక్కలు.

ప్రతి చుక్క నుంచి నాలుగు దిక్కులకు నాలుగు గీతలు. ఒక్కో గీత మీద 3×3 సంకీర్ణ మాత్రిక, అంటే 18 సంఖ్యలు, 144 బైట్లు. చుక్కకు 576 బైట్లు. అన్నీ కలిపి 19 గిగాబైట్ల పైచిలుకు. ఇది ఒక్క గ్లూవాన్ క్షేత్రపు చిత్రం మాత్రమే. ఇలాంటివి వందలు, వేలు కావాలి. ఇంతవరకూ భయపడాల్సింది లేదు.

క్వార్కు దగ్గర అసలు పని మొదలవుతుంది. ప్రతి చుక్క దగ్గర మూడు రంగులు (క్వార్కుల మధ్య బలానికి మూలమైన ఆవేశపు మూడు రకాలు), నాలుగు స్పిన్ భాగాలు, వెరసి 12 సంకీర్ణ సంఖ్యలు. క్వార్కు కదలిక తెలియాలంటే దాదాపు 40 కోట్ల వరుసలున్న సమీకరణాల గుంపును సాధించాలి. బడిలో నేర్చిన గాసియన్ తొలగింపుతో వెళితే వరుసల సంఖ్య ఘనం చొప్పున 6.5×10²⁵ మెట్లు. సెకనుకు 10¹⁸ పనులు చేసే యంత్రం మీద కూడా రెండేళ్లు, అదీ ఒక్క సాధనకు. కానీ ఈ మాత్రిక నిండా సున్నాలే. ప్రతి చుక్కా తన ఎనిమిది పొరుగులతోనే మాట్లాడుతుంది. ఆ మాత్రికతో ఒకసారి గుణించడానికి, విల్సన్ రూపంలో, చుక్కకు 1,320 పనులు చాలు. జవాబును మెట్టుమెట్టుకీ మెరుగుపరిచే కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతిలో వెయ్యి రెండు వేల గుణకారాలతో జవాబు వస్తుంది, అంటే మొత్తం 10¹⁴ మెట్లు లోపు. ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు మీద నిమిషం రెండు నిమిషాల పని. ఇంకా పెద్ద యంత్రం రాలేదు, పద్ధతి మారింది, అంతే. అల్గారిథం సంక్లిష్టత భౌతిక శాస్త్రవేత్తలకు ఎందుకు పట్టాలి అని అడిగేవాళ్లకు మేం ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కన రాసి చూపిస్తాం.

చెడేది ఎక్కడ? మూడు చోట్ల. క్వార్కు ద్రవ్యరాశిని నిజమైన విలువ దాకా తగ్గించేకొద్దీ మాత్రిక మొండికేస్తుంది, మెట్లు పెరిగిపోతాయి. ముతక జాలకం మీద కూడా సాధించి జవాబును సర్దే మల్టీగ్రిడ్ పద్ధతులు దీన్ని చాలావరకు గట్టెక్కించాయి. చుక్కల దూరం సగం చేస్తే చుక్కలు 16 రెట్లు, కానీ ఒక క్షేత్ర చిత్రం నుంచి దానితో సంబంధం లేని మరో చిత్రానికి చేరడమూ నెమ్మదిస్తుంది కాబట్టి ఖర్చు 60, 100 రెట్ల దాకా పోతుంది.

మూడోది అన్నిటికన్నా మొండిది. ప్రోటాన్ సంకేతం, దాన్ని కప్పేసే రొద రెండూ కాలంతో తగ్గుతాయి, కానీ సంకేతం వేగంగా తగ్గుతుంది. తేడా ఎంత? ప్రోటాన్ ద్రవ్యరాశిలోంచి పయాన్ ద్రవ్యరాశికి ఒకటిన్నర రెట్లు తీసేస్తే సుమారు 735 ఎంఈవీ. దాన్ని 197తో భాగిస్తే ఫెర్మీకి 3.7. అంటే కాలంలో ఒక్కో ఫెర్మీ (కాంతి అంత దూరం పోయే సమయం) ముందుకు జరిగితే సంకేతం రొదతో పోలిస్తే 40 రెట్లు బలహీనం. దోషం నమూనాల వర్గమూలం చొప్పునే తగ్గుతుంది కనుక ఆ నష్టం పూడ్చడానికి 1,600 రెట్ల నమూనాలు కావాలి. పోనీ దగ్గరే ఆగుదామంటే ప్రోటాన్‌తో పాటు దాని ఉద్రిక్త స్థితులూ సంకేతంలో కలిసిపోయి ఉంటాయి. గ్రాఫు చదునుగా కనబడుతుంది, చూసేవాడు మోసపోతాడు. మీ పరిశోధనలో ఎప్పుడైనా ఇలాంటి గ్రాఫు గీస్తే, కనీసం మూడు వేర్వేరు కాల దూరాలతో గీసి అన్నీ ఒకే విలువకు వస్తున్నాయో లేదో చూడండి. ఒక్క దూరంతో తేల్చేసిన ఫలితాన్ని మేం నమ్మం.

ప్రశ్న: ఇందులో కొంతైనా నా ల్యాప్‌టాప్ మీద చేసి చూడొచ్చా?
– బీటెక్ విద్యార్థి, చంద్రగిరి

జవాబు: క్వార్కులు వద్దు, గ్లూవాన్లతో చేయొచ్చు. నాలుగు దిక్కులా 8 చుక్కల జాలకం తీసుకోండి: 4,096 చుక్కలు, 16,384 గీతలు, రెండున్నర మెగాబైట్లలోపే. పైథాన్ లూపుల్లో రాస్తే జాలకమంతా ఒక చుట్టు తిరగడానికి చాలా సెకన్లు పడుతుంది. సీ భాషలో సెకనులో చిన్న వంతు. సీ నేర్చుకుని రాయండి, శ్రమ దండగ కాదు.

నాలుగు గీతలు కలిసిన చిన్న చతురస్రాన్ని ప్లాకెట్ అంటారు. ప్రతి గీతా ఆరు ప్లాకెట్లలో ఉంటుంది. ఒక గీతను మార్చేటప్పుడు మిగతా జాలకాన్ని తడమక్కరలేదు, ఆ ఆరు ప్లాకెట్లలోని తక్కిన మూడేసి గీతల లబ్ధాలు కూడి ఒక మాత్రిక చేసుకుంటే చాలు. దీన్ని స్టేపుల్ అంటారు. పాత గీత, కొత్త గీతల తేడాను స్టేపుల్‌తో గుణించి, వికర్ణ మొత్తంలోని వాస్తవ భాగాన్ని బీటా/3తో (బీటా మీరు పెట్టే సంఖ్య, అది చిన్నదైతే బంధం బలమైనది) గుణిస్తే క్రియలో (యాక్షన్, ఒక్కో చిత్రానికి ఎంత భారమో నిర్ణయించే సంఖ్య) మార్పు తెలుస్తుంది, గుర్తు మాత్రం రుణం. ఆ మార్పు తగ్గుదలైతే ఒప్పుకోండి, పెరుగుదలైతే మెట్రోపొలిస్ నియమం ప్రకారం పాచిక వేయండి (పెరుగుదల ఎంత ఎక్కువైతే ఒప్పుకునే అవకాశం అంత తక్కువ). కొత్త గీతను ఏకమాత్రికకు దగ్గరగా ఉన్న యాదృచ్ఛిక మాత్రికతో గుణించి తయారుచేస్తారు. సుమారు సగం మార్పులు ఆమోదం పొందేలా ఆ దగ్గరతనాన్ని సర్దుకోండి. యాదృచ్ఛిక మాత్రికల సంచిలో ప్రతిదానికీ దాని విలోమం కూడా ఉండి తీరాలి. ఇది మరిచిపోతే సమతుల్య నియమం చెడుతుంది.

మొదటి 500 చుట్లు పారేయండి. తర్వాత పది చుట్లకొకసారి సగటు ప్లాకెట్ కొలవండి. పది ఇరవై చుట్లకొకసారి ప్రతి మాత్రికనూ మళ్లీ శుభ్రం చేయాలి: మొదటి రెండు వరుసలను లంబంగా, ప్రమాణ పొడవుకు సర్ది, మూడో వరుసను వాటి వజ్రలబ్ధపు సంయుగ్మంగా పెట్టండి. లేకపోతే దశాంశ దోషాలు పేరుకుని మాత్రికలు తమ గుంపులోంచి జారిపోతాయి.

పరీక్షలు మూడు. ప్రతి చుక్క దగ్గరా యాదృచ్ఛిక గేజ్ మార్పు (భౌతిక ఫలితం మారకుండా రంగుల గుర్తింపును మాత్రమే తిప్పడం) చేయండి, ప్లాకెట్ విలువ పదమూడు దశాంశ స్థానాల దాకా కదలకూడదు. బీటా 0.36 పెట్టండి, ప్లాకెట్ 0.02 దగ్గర రావాలి, ఎందుకంటే బలమైన బంధంలో అది బీటాను 18తో భాగించినంత. చివరగా బీటా 6.0 పెట్టండి, 0.594 రావాలి. అన్ని గీతలూ ఏకమాత్రికలుగా మొదలుపెట్టినా, అన్నీ చిందరవందరగా మొదలుపెట్టినా అదే విలువకు చేరాలి. స్టేపుల్‌లో ఒక్క గీత దిశ తప్పినా ప్రోగ్రాం ఆగదు, హెచ్చరిక చూపదు, నిలకడగా తప్పు సంఖ్య ఇస్తూ పోతుంది. అందుకే ఈ మూడూ గట్టెక్కకుండా ముందుకు పోవద్దు. దోష పరిమితి కట్టేటప్పుడు పక్కపక్క కొలతలు స్వతంత్రమనుకోకండి. ఇరవై చొప్పున గుంపులు చేసి, గుంపుల సగటుల మీద లెక్కించండి. బీటా 6.0 దగ్గర ఈ పెట్టె వైపు 0.75 ఫెర్మీలే, ప్రోటాన్ ఇందులో పట్టదు. దీనితో ప్రోటాన్ ద్రవ్యరాశి రాబట్టాలని చూడొద్దు.

ప్రశ్న: 'సైన్ ప్రాబ్లం' ఎన్‌పీ-హార్డ్ అని నిరూపించారట. అంటే న్యూట్రాన్ నక్షత్రం లోపలి పదార్థం లెక్క ఎప్పటికీ రాదనేనా? దారులు ఎక్కువ కాబట్టి కష్టమా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తిరుపతి

జవాబు: ముందు మాటల అర్థం. ధన, రుణ పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని నమూనాల సగటు తేలకపోవడమే సైన్ ప్రాబ్లం. వేగంగా సాధించగల సమస్యల గుంపు పీ, జవాబు చేతికిస్తే వేగంగా సరిచూడగల సమస్యల గుంపు ఎన్‌పీ. ఎన్‌పీలోని ఏ సమస్యకన్నా తేలిక కానిది ఎన్‌పీ-హార్డ్. ఇక మీ చివరి ముక్కతో మొదలుపెడదాం. దారులు ఎక్కువ ఉండటం వేరు, లెక్క కష్టం కావడం వేరు. తిరుపతి నుంచి బయలుదేరి తిరుచానూరు, శ్రీనివాసమంగాపురం, అప్పలాయగుంట, నారాయణవనం, నాగలాపురం, సురుటుపల్లి, కార్వేటినగరం, గుడిమల్లం, శ్రీకాళహస్తి, కాణిపాకం చూసి తిరిగి రావాలనుకోండి. పది గుళ్లకు వరుసలు 36,28,800. ఇరవై గుళ్లైతే 2.43×10¹⁸. సెకనుకు వంద కోట్లు సరిచూసినా 77 ఏళ్లు. కానీ 1962 నాటి హెల్డ్–కార్ప్ పద్ధతిలో ఇరవై గుళ్లకు దాదాపు 42 కోట్ల మెట్లు చాలు, సెకనులోపు పని. అదే అరవై గుళ్లకు ఆ పద్ధతి కూడా లక్ష ఏళ్లు దాటుతుంది. ఎంత తగ్గించినా 2ⁿ లాంటి ఘాతాలు పీడిస్తూనే ఉంటాయి.

ఇప్పుడు కణాల్లోకి రండి. హీలియం కేంద్రకంలో ఆరు అప్‌లు, ఆరు డౌన్‌లు. మొదటి స్థానాల క్వార్కులను చివరి స్థానాలతో జతపరిచే తీర్లు 720×720, అంటే 5,18,400. ఒక్కొక్కటీ కూడుకుంటూ పోనక్కరలేదు. రెండు క్వార్కులు చోటు మార్చుకుంటే గుర్తు మారుతుంది, అలాంటి మొత్తమే నిర్ధారకం. నిర్ధారకాన్ని వరుసల సంఖ్య ఘనం చొప్పున మెట్లలో తేల్చవచ్చు. అదే మొత్తంలో మైనస్ గుర్తులన్నీ తీసేసి ప్లస్సులు పెడితే వచ్చేది పర్మనెంట్. చూడటానికి ఇంకా సులువుగా ఉంటుంది. కానీ దాన్ని వేగంగా లెక్కించే పద్ధతి ఉంటే ఎన్‌పీలోని ప్రతి సమస్యా లొంగిపోతుందని 1979లో వాలియంట్ చూపిన దాని భావం. 20×20 మాత్రికకు నిర్ధారకం సుమారు 2,700 గుణకారాలు, పర్మనెంట్‌కు మంచి పద్ధతిలోనూ రెండు కోట్లు. ఇక్కడ మైనస్ గుర్తు మన స్నేహితుడు.

నమూనాలు తీసి సగటు కట్టేచోట అదే మైనస్ శత్రువవుతుంది. తిరుమల పరకామణిలో లెక్కకు వచ్చేవన్నీ కానుకలే. కొన్ని మూటలు విప్పి లెక్కించినా మొత్తం ఎంతో అంచనాకు వస్తుంది. ప్రతి రూపాయికీ ఎదురుగా దాదాపు అంతే అప్పు చీటీ ఉండి, కావలసింది మిగులు మాత్రమే అయితే? కొన్ని మూటలు విప్పి చెప్పలేం. క్వార్కులు, యాంటీక్వార్కులు సమానంగా ఉన్నంతవరకు జాలకపు లెక్కలో ప్రతి చిత్రానికీ ధన భారం ఉంటుంది. న్యూట్రాన్ నక్షత్రంలో క్వార్కులే ఎక్కువ, అప్పుడు ఆ భారం సంకీర్ణ సంఖ్య అవుతుంది, కూడినవన్నీ కొట్టుకుపోతాయి. సగటు గుర్తు 0.001 అనుకోండి. దాన్ని పది శాతం ఖచ్చితంగా పట్టుకోవడానికి 10 కోట్ల నమూనాలు కావాలి. పెట్టె ఘనపరిమాణం రెట్టింపైతే సగటు గుర్తు దాని వర్గం, 10⁻⁶. నమూనాలు కోటి కోట్లు. ఘనపరిమాణంతో ఘాతంలో పెరిగే ఖర్చు అంటే ఇదే.

ఇక నిరూపణ. 2005లో ట్రాయర్, వీజ చూపింది ఇది: అన్ని వ్యవస్థలకూ పనిచేసే సైన్ ప్రాబ్లం పరిష్కారం దొరికితే, త్రిమితీయ స్పిన్ గ్లాస్ (చిన్న అయస్కాంతాల మధ్య బంధాలు అడ్డదిడ్డంగా ఉన్న నమూనా) కనిష్ఠ శక్తిని కూడా దానితో వేగంగా కనుక్కోవచ్చు. స్పిన్ గ్లాస్ సమస్య ఎన్‌పీ-హార్డ్ అని బరహోనా 1982లోనే చూపాడు. కాబట్టి అలాంటి సార్వత్రిక మందు ఉంటే పీ, ఎన్‌పీ రెండూ ఒకటైపోతాయి. అవి ఒకటి కావని ఎక్కువమంది నమ్మకం, నిరూపణ మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఈ సిద్ధాంతం చెప్పనిదేమిటో కూడా గట్టిగా పట్టుకోండి, పొరపాటంతా ఇక్కడే జరుగుతోంది. ఎన్‌పీ-హార్డ్ అనేది అన్ని ఉదాహరణల గుంపు మీద చెప్పే మాట. మీ ఒక్క ఉదాహరణ మీద కాదు. మూడు రంగులకు బదులు రెండు రంగులున్న ఊహా క్వార్కులకు, జంటలుగా తీసుకుంటే, అధిక సాంద్రతలోనూ భారం ధనంగానే ఉంటుంది. మన మూడు రంగుల ప్రకృతికి అలాంటి కిటుకు ఇంతవరకు దొరకలేదు, దొరకదనీ ఎవరూ చూపలేదు. ఈలోపు సాంద్రత సున్నా దగ్గర టేలర్ శ్రేణి వేసి కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతున్నారు. ముంబయి టాటా మౌలిక పరిశోధన సంస్థలో రాజీవ్ గవాయ్, సౌరేందు గుప్తా ఈ దారిలో ముందు నడిచినవాళ్లు. వేడి ఎక్కువ, సాంద్రత తక్కువ ఉన్న చోట ఇది బాగా పనిచేస్తుంది. నక్షత్ర గర్భానికి చేరదు. ఒక సమస్య కష్టమని పేరుపడగానే వదిలేసే వాళ్లకు మేం ఎప్పుడూ 2002ను గుర్తుచేస్తాం. ప్రధాన సంఖ్యను గుర్తించడం ఘాతం లేకుండా తేలుతుందని ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. అది ఎన్‌పీ-హార్డ్ అని ఎవరూ అనలేదు, నిజమే. కానీ దశాబ్దాలపాటు దానికి పీలో చోటు దొరకలేదు.

ప్రశ్న: ఒక వస్తువు ఎంత సంక్లిష్టమైనదో ఒక సంఖ్యగా చెప్పే పద్ధతి ఉందని చదివాను. ప్రోటాన్‌కు ఆ సంఖ్య ఎంత?
– గణిత ఉపాధ్యాయురాలు, చిత్తూరు

జవాబు: మీరు చదివింది కోల్మొగోరొవ్ సంక్లిష్టత గురించి. 1960లలో సొలొమనాఫ్, కోల్మొగోరొవ్, చైటిన్ ఎవరికి వారుగా చేరుకున్న ఊహ. దీనికి ముగ్గును మించిన ఉదాహరణ లేదు. '11 చుక్కలు, సందు చుక్క, 6 వరకు' అని ఫోనులో చెబితే అవతలావిడ 91 చుక్కలూ తప్పు లేకుండా పెడుతుంది. అదే 91 చుక్కలు పిండి చేజారి పడినట్టు చెదిరి ఉంటే ఒక్కోదాని చోటూ చెప్పాల్సిందే. ఒక దాన్ని పూర్తిగా తిరిగి తయారుచేయగల అతి పొట్టి ప్రోగ్రాం పొడవే దాని సంక్లిష్టత. ప్రోగ్రాం భాష మారితే ఒక స్థిరమైన తేడా మాత్రమే వస్తుంది.

చిక్కేమిటంటే ఈ సంఖ్యను కనుక్కునే సాధారణ పద్ధతి లేదు, ఉండదు కూడా. ఉందనుకుందాం. 'పది లక్షల అక్షరాలకన్నా పొట్టి ప్రోగ్రాంతో రాని మొదటి వరుసను వెతికి ముద్రించు' అని ఒక చిన్న ప్రోగ్రాం రాయొచ్చు. ఆ ప్రోగ్రాం పేజీ కూడా ఉండదు, కానీ అది ముద్రించే వరుసకు పది లక్షలు కావాలి. పొసగదు. జిప్ చేసి చూస్తే పై హద్దు దొరుకుతుంది, అంతవరకే. π అంకెలను జిప్ చేస్తే అంకెకు మూడు బిట్ల పైన పట్టి, అంతకు మించి తగ్గదు, అయినా π ను ఇచ్చే ప్రోగ్రాం పదిహేను వరుసల్లో వస్తుంది. తగ్గలేదు కాబట్టి లోపల క్రమం లేదనడం తప్పు.

ప్రోటాన్ విషయానికొస్తే మీ ప్రశ్నకు మేం ఎదురు ప్రశ్న వేయాలి: సంక్లిష్టత అంటే నియమం పొడవా, దాన్ని నడిపే శ్రమా? నియమం పొడవైతే ప్రోటాన్ చాలా సరళం. దాని సమీకరణం ఒక్క వరుస, 2008 లెక్కకు బయటి నుంచి ఇచ్చిన కొలతలు మూడే. కణ భౌతికపు ప్రామాణిక నమూనా మొత్తానికీ, న్యూట్రినో ద్రవ్యరాశులు వదిలేస్తే, చేత్తో ఇవ్వాల్సిన సంఖ్యలు 19. శ్రమ వైపు చూస్తే పై జవాబుల్లో చూశారు. పొట్టి నియమం నుంచి ఫలితం రావడానికి పట్టే కాలాన్ని చార్లెస్ బెన్నెట్ 1988లో 'తార్కిక లోతు' అన్నాడు. ఆ నిర్వచనాన్ని అక్షరాలా ప్రోటాన్‌కు తగిలించలేం, కానీ ఆ పోలిక మాకు నచ్చుతుంది: ప్రోటాన్ చిక్కైనది కాదు, లోతైనది.

ప్రశ్న: క్వాంటం కంప్యూటర్ వస్తే ఇవన్నీ తీరిపోతాయా?
– పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: అన్నీ కాదు. కణాలు ఢీకొన్నాక కాలంతో ఏం జరుగుతుందో లెక్కించడానికి 2012లో జోర్డన్, లీ, ప్రెస్కిల్ ఒక సరళ క్షేత్ర సిద్ధాంతానికి ఘాతం లేని క్వాంటం పద్ధతి ఇచ్చారు. కాలక్రమంలో నడిపించడం క్వాంటం యంత్రానికి సహజమైన పని, అక్కడ సైన్ ప్రాబ్లం ఎదురుకాదు. అయితే కనిష్ఠ శక్తి స్థితిని వెతకడం సాధారణంగా క్వాంటం యంత్రాలకు కూడా కష్టమే. ఎన్‌పీ సమస్యలన్నీ అవి చిటికెలో తేలుస్తాయన్న ప్రచారానికి ఆధారం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. కణ భౌతికం, అల్గారిథంలు రెండూ ఇష్టం అంటోంది. ఏం చదవమంటారు? దూరం పంపాలా?
– ఒక తండ్రి, కుప్పం

జవాబు: రెండూ వదలక్కరలేదు. ముందు రేఖీయ బీజగణితం, సంభావ్యత గట్టిగా రావాలి, తర్వాత క్వాంటం మెకానిక్స్, గ్రూపు సిద్ధాంతం. కంప్యూటర్ సైన్సు వైపు ట్యూరింగ్ యంత్రం, ఒక సమస్యను మరో సమస్యగా మార్చే రిడక్షన్లు. రిడక్షన్లు చదివితే రావు, సొంతంగా పది రాయాలి.

పీజీకి తిరుపతిలోనే 1954 నుంచి ఉన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. 2015లో మొదలైన ఐఐటీ, శాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లు ఏర్పేడు వైపు ఉన్నాయి. పరిశోధనకైతే చెన్నై తరమణిలోని గణిత శాస్త్రాల సంస్థలో సైద్ధాంతిక భౌతికమూ, సైద్ధాంతిక కంప్యూటర్ సైన్సూ ఒకే ప్రాంగణంలో నడుస్తాయి, మీ అమ్మాయికి అంతకన్నా తగిన చోటు దగ్గర్లో లేదు. జెస్ట్ అనే ప్రవేశ పరీక్షలో ఈ రెండింటికీ వేర్వేరు ప్రశ్నపత్రాలు ఉంటాయి. బెంగళూరులో టాటా సంస్థ వారి సైద్ధాంతిక శాస్త్రాల కేంద్రం ఐసీటీఎస్ ఉంది, దాని ఉపన్యాసాలు యూట్యూబ్‌లో ఉచితం.

ఈ సెలవుల్లో చేయదగ్గ పని: ద్విమితీయ ఐజింగ్ నమూనాను (గడికొకటి చొప్పున పైకో కిందికో తిరిగే చిన్న అయస్కాంతాల నమూనా) తనే ప్రోగ్రాంగా రాయమనండి. 32×32 గడులు, మెట్రోపొలిస్ నియమం, ఉష్ణోగ్రత 1.5 నుంచి 3.5 దాకా 0.1 చొప్పున. అయస్కాంతత్వం కూలిపోయే చోటు 1944లో ఆన్సాగర్ తేల్చిన 2.269 దగ్గర కనబడాలి. 2.3 పైన కొంచెం జారుగా కనిపిస్తే ప్రోగ్రాం తప్పని కంగారు పడొద్దు, పెట్టె చిన్నది. 64×64తో మళ్లీ నడిపితే ఆ మలుపు నిటారుగా అవుతుంది.